యుద్ధకాలపు సైనిక ప్రమాణం: తెనాలి, బాపట్ల, రేపల్లె

రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల యువకులను పటాలంలో చేరి తీరాలని ఏ చట్టమూ శాసించలేదు. బ్రిటన్ 1916లోను, మళ్లీ 1939లోను తన యువకులకు సైనిక సేవను తప్పనిసరి చేసింది. భారతదేశంలో 1917, 1940 నాటి చట్టాలు ఆ నిర్బంధాన్ని ఇక్కడున్న యూరోపియన్ బ్రిటిష్ పౌరులకే పరిమితం చేశాయి. భారతీయులను ఒప్పించి చేర్చుకోవలసి వచ్చింది.

1939లో సుమారు 2 లక్షలున్న భారత సైన్యం 1945 నాటికి 25 లక్షలు దాటింది. అంతవరకు ఎక్కువగా ఉత్తరాది ‘యుద్ధజాతుల’ వైపే చూసిన ప్రభుత్వం మద్రాసు రాష్ట్రం వైపు తిరిగింది. 1920లలో రద్దు చేసిన మద్రాస్ రెజిమెంట్‌ను రెండో ప్రపంచ యుద్ధంలోనే మళ్లీ నిలబెట్టింది. ధాన్యం ధరలు కూలిన 1930ల దెబ్బ నుంచి ఇంకా తేరుకోని కుటుంబానికి నెల జీతం, తిండి, బట్ట చిన్న ఆసరా కాదు. అలా చేరినవారిని పరాయి ప్రభుత్వపు తొత్తులనడం అన్యాయం.

కొత్త సిపాయి ప్రమాణం సొంత ఊళ్లో జరిగేది కాదు. 1911 నాటి ఇండియన్ ఆర్మీ చట్టం ప్రకారం ముందు పేరు నమోదు, పనికి వస్తాడని తేలాక ప్రమాణం. కమాండింగ్ ఆఫీసరు ఎదుట, తోటి దళం చూస్తుండగా నిలబడి, చక్రవర్తికి విధేయుడిగా ఉంటానని, నేల మీదైనా సముద్రం మీదైనా పంపిన చోటికి పోతానని, ప్రాణం మీదికి వచ్చినా ఆజ్ఞ పాటిస్తానని పలకాలి. రేపల్లె కుర్రవాడు బ్రాంచి లైను బండిలో తెనాలి జంక్షను చేరి, అక్కడ మరో బండెక్కి పోయాక, ఆ మాట పలికేది బెంగుళూరులోని మద్రాస్ సాపర్స్ కేంద్రం వంటి దూరపు మైదానంలో. కన్నవారికి మిగిలింది వీడ్కోలే.

జనం ఎదుట జరిగిన ప్రమాణం వేరొకటి. 1940 అక్టోబరు 17న వినోబా భావేతో మొదలైన వ్యక్తి సత్యాగ్రహంలో, గాంధీజీ ఆమోదం పొందినవారు స్థలం, సమయం అధికారులకు ముందే తెలిపి, ఈ యుద్ధానికి మనిషిని గాని డబ్బును గాని ఇవ్వడం తప్పని బహిరంగంగా చెప్పి జైలుకు నడిచారు. ఆంధ్ర కాంగ్రెస్ శ్రేణులూ ఈ బాట పట్టాయి. మరోవైపు తెనాలిలోని రాయిస్టులు, అంటే ఎం.ఎన్. రాయ్ అనుచరులు, ఫాసిజం ఓడాలని యుద్ధాన్ని సమర్థించారు. సోవియట్ రష్యాపై హిట్లర్ దాడి తరువాత కమ్యూనిస్టులూ ఈ యుద్ధాన్ని ప్రజాయుద్ధమన్నారు.

యుద్ధం ఆంధ్ర తీరాన్నీ తాకింది: 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. నాలుగు నెలలకే, ఆగస్టు 12న, క్విట్ ఇండియా ఆందోళనకారులు తెనాలి రైల్వేస్టేషనుకు నిప్పంటించారు. పోలీసు కాల్పుల్లో ఏడుగురు మరణించారు. వారి స్మారకమే రణరంగ చౌక్.

స్వాతంత్ర్యం వచ్చాక, 1950 నాటి ఆర్మీ చట్టంతో సైనిక ప్రమాణంలో చక్రవర్తి స్థానంలోకి రాజ్యాంగం వచ్చింది. పంపిన చోటికి పోవడం, ప్రాణాలకు తెగించి ఆజ్ఞ పాటించడం అలాగే ఉన్నాయి. భర్తీ నేటికీ స్వచ్ఛందమే.

ఈ మూడు ప్రాంతాల్లో ఎవరి ఇంటి పెట్టెలోనైనా తాతల నాటి డిశ్చార్జి కాగితం, బర్మా స్టార్ పతకం ఉంటే పారవేయవద్దు. ఊరి గ్రంథాలయానికి కనీసం వాటి నకలైనా చేర్చండి.