తెమడ పరీక్ష – ల్యాబ్ ఉద్యోగి బాధ్యత

షోలాపూర్ తూర్పు భాగంలోని నేతగాళ్ల పేటల్లో మరమగ్గం చప్పుడు ఎంత మామూలో, దగ్గు కూడా అంతే మామూలు. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా దుప్పట్లు, తువ్వాళ్లు నేస్తున్నాయి. ఆడవాళ్లు ఎందరో బీడీలు చుడతారు. దగ్గు వస్తే మగవాళ్లు నూలు దుమ్ము అనుకుంటారు, ఆడవాళ్లు తంబాకు ఘాటు అనుకుంటారు. ఒక్కోసారి అది నిజమే. కాని రెండు వారాలు దాటినా తగ్గని దగ్గు క్షయ కావచ్చు. తేల్చవలసింది పరీక్ష.

మందు రాసిన డాక్టరు పేరు అందరికీ తెలుస్తుంది. ల్యాబ్‌లో కొత్తగా చేరిన ఉద్యోగి పేరు ఎవరికీ తెలియదు. అయినా ఆ పరీక్ష సరిగా జరగడం చాలావరకు ఆ ఉద్యోగి చెప్పే మాట మీదే ఆధారపడి ఉంటుంది.

మరాఠీలో దీన్ని 'థుంకీ తపాసణీ' అంటారు. థుంకీ అనగానే మనవాళ్లు డబ్బీలో ఉమ్మి తెస్తారు. కావలసింది ఉమ్మి కాదు, తెమడ. "అక్కా, పొద్దున లేవగానే నీళ్లతో నోరు పుక్కిలించండి. గట్టిగా ఊపిరి పీల్చి, లోపలి నుంచి దగ్గి తెమడ తీయండి. ఇంట్లో వద్దు, ఆరుబయట, మనుషులు లేని చోట" అని ఇంటి భాషలో చెప్పాలి. ఆ రెండు నిమిషాల ఓపిక లేకపోతే జబ్బున్న మనిషికి జబ్బు లేదని కాగితం వెళ్తుంది. ఆ మనిషి ఒకే గదిలో పిల్లలతో పాటు పడుకుంటుంది.

క్షయ క్రిమిని రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న బెర్లిన్‌లో లోకానికి ప్రకటించారు. అద్దకం తెలిసినవారికి దాని పరీక్ష సులభంగా అర్థమవుతుంది. గాజుపలక మీద పూసిన తెమడకు ఎర్ర రంగు వేసి, ఆవిరి లేచేదాకా వేడి చేస్తారు, మరగనివ్వరు. తరువాత ఆమ్లంతో కడుగుతారు. మిగతావన్నీ రంగు విడుస్తాయి. క్షయ క్రిమికి పట్టింది పక్కా రంగు, అది పోదు. చివర నీలం రంగు వేస్తే, నీలం మీద ఎర్రని సన్నని పుల్లల్లా క్రిములు కనిపిస్తాయి. లేవని రాయాలంటే సూక్ష్మదర్శినిలో కనీసం 100 చోట్ల చూడాలి. పడుగులో తెగిన పోగును వెతికినంత శ్రద్ధ కావాలి. ఇరవై చోట్ల చూసి లేచిపోతే ఎవరికీ తెలియదు. తెలిసేది ఆ ఉద్యోగి మనసుకే.

ఇప్పుడు యంత్రాలు వచ్చాయి. గోవాలో తయారయ్యే ట్రూనాట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఆమోదించింది. కొద్ది క్రిములున్నా అది పట్టగలదు. కాని డబ్బీలో ఉన్నది ఉత్త ఉమ్మి అయితే యంత్రం మాత్రం ఏం చేస్తుంది?

మాట ఎంత అవసరమో మౌనమూ అంతే అవసరం. పేటలో అందరూ అందరికీ తెలిసినవారే. ఒక ఇంటి రిపోర్టు ఇంకో ఇంటి అరుగు మీదికి చేరితే పెళ్లి సంబంధం తప్పిపోవచ్చు. ఆ భయంతో ఇంకొకరు పరీక్షకే రారు. చూసింది కాగితం మీద రాయాలి, నోట రానివ్వకూడదు.

క్షయకు పరీక్ష, మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. సాధారణంగా ఆరు నెలలు విడవకుండా మందు వాడితే నయమవుతుంది. అందుకే దగ్గు తగ్గకపోతే వెళ్లండి. డబ్బీ చేతికిచ్చినప్పుడు ఎలా తీయాలో సిగ్గుపడకుండా అడగండి. అడగడం మీ హక్కు, విడమరచి చెప్పడం వారి పని.