పట్టముతో పాటు కంప్యూటరు విద్య
(పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



కళాశాలకు పోవు మన గ్రామ విద్యార్థుల చేతులలో ఫోనులున్నవి. కాని ఫోను చూచుట వేరు. కంప్యూటరుపై పని చేయుట వేరు. దరఖాస్తు నింపుట, లెక్కల పట్టిక తయారుచేయుట, మోసపు ఉద్యోగ ప్రకటనను గుర్తించుట రానిచో, పట్టము చేత నున్నను ఉద్యోగము దూరమే యగును.

కేంద్ర ప్రభుత్వము 2017లో ప్రారంభించిన ‘స్వయం’ ద్వారా కంప్యూటరు పాఠములు ఉచితముగా లభించుచున్నవి. పరీక్షకు మాత్రమే రుసుము. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2021 నిబంధనల ప్రకారము, సెమిస్టరు కోర్సులలో 40 శాతము వరకు ఇట్లు చదువుటకు విశ్వవిద్యాలయములు అనుమతింపవచ్చును.

చిన్న ఫోను తెరపై ఈ అభ్యాసము సాగదు. కావున పంచాయతీ భవనమున ఒక గదిని, ఒక కంప్యూటరును సాయంకాలము విద్యార్థులకు కేటాయించుడు; ఆడపిల్లలకు అనువగు వేళ ఏర్పరచుడు. ఊరికి బాట వేయుట యెట్లో, పిల్లలకు ఈ బాట చూపుటయు అట్లే పంచాయతీ ధర్మము.