ఇచ్చిన కీని వెనక్కి తీసుకోవడం

 

నెలల తరబడి ఆపేసిన కేబుల్ బాక్సుకు మళ్ళీ డబ్బు కట్టి ఫోన్ చేస్తే మన మెదక్ ఆపరేటర్ ఏమంటాడు? "బాక్సు ఆన్‌లనే ఉంచున్రి అన్నా, జరసేపట్ల వస్తది." ఆ జరసేపు వెనక ఏం జరుగుతుందో చెప్తాను.

కట్టినవాడికీ కట్టనివాడికీ వచ్చే సిగ్నల్ ఒకటే. వీడియోను మూసే కీ కొన్ని సెకన్లకోసారి మారిపోతుంటుంది. దాన్ని ఇంకో కీతో మూసి అదే సిగ్నల్లో అందరికీ పంపుతారు. ఆ రెండో కీ మాత్రం డబ్బు కట్టిన బాక్సుకే, దాని నంబరు మీద వెళ్తుంది. మామూలు కేబుల్ బాక్సు తిరిగి జవాబివ్వలేదు. అందిందో లేదో తెలియదు కాబట్టి పంపిందే మళ్ళీ మళ్ళీ పంపుతారు. తన వంతు వచ్చేదాకా బాక్సు మేలుకొని ఉండాలి.

ఇవ్వడం ఇలా అయిపోతుంది. చిక్కంతా వెనక్కి తీసుకోవడంలోనే. అద్దెకున్నవాడు ఖాళీ చేస్తే ఇంటివాడు తాళం మార్చేస్తాడు. లక్షమంది చేతిలో ఒకే కీ ఉండి, ఒక్కడు మానేస్తే? మిగతా 99,999 మందికీ విడివిడిగా కొత్తది పంపాలా? 1998లో టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన వాంగ్, గౌడా, లామ్ చూపిన దారి నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. అందరినీ చెట్టు రూపంలో అమర్చి కొమ్మకో కీ ఇస్తారు. మానేసినవాడి దగ్గర్నుంచి మొదలు దాకా ఉన్న కీలు మారిస్తే చాలు. రెండేసి కొమ్మల చెట్టయితే లక్షమందికి 17 మెట్లు, ఇంచుమించు 34 సందేశాలు.

ఇంత చేసినా, కీ హక్కుగా ఉన్నవాడే వీడియోను కాపీ తీస్తే గణితం ఏం చేస్తుంది? మ్యాచ్ మధ్యలో తెర మీద మెరిసి మాయమయ్యే అంకెలు అందుకే: కాపీ ఏ బాక్సులోంచి పోయిందో అవి పట్టిస్తాయి. 2013లో 'అత్తారింటికి దారేది' సగం సినిమా విడుదలకు ముందే సీడీల్లోకి ఎక్కింది, నిర్మాతలు హడావిడిగా సెప్టెంబరు 27నే విడుదల చేశారు. అక్కడ ఎవరూ ఏ తాళమూ పగలగొట్టలేదు.

అన్నిటికీ తాళం వేయాలనీ కాదు. 2020 సెప్టెంబరు 1న టీశాట్, దూరదర్శన్ యాదగిరిలో మొదలైన బడి పాఠాలను ఎవరైనా చూడగలిగారు. అది సరైన ఇంజినీరింగ్ నిర్ణయమే.

పట్టభద్రులైన మీలో నెట్‌వర్క్ కంపెనీల్లో చేరేవాళ్ళు మొదటి వారమే ఒక జాబితా అడగండి: ఉద్యోగం మానేసినవాళ్ళ కీలు ఏ తేదీన రద్దయ్యాయో.