సంతకమెవ్వరిది?

(జహీరాబాదు సభలో చేసిన ఉపన్యాసము)



పొలము కుదువబెట్టి బిడ్డలను అమెరికాకు పంపిన తల్లిదండ్రులు ఈ సభలో పలువురున్నారు. వారి కొరకే అచ్చటి వలస శాఖాధికారుల నిర్బంధాధికారమును గూర్చి నేడు విన్నవింపదలచితిమి.

2019 జనవరి మాసాంతపు వార్త మీరు మరచియుండరు. మిషిగాన్ రాష్ట్రమున ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమను సంస్థ యుండెను. అందు తరగతులు లేవు, అధ్యాపకులు లేరు. అది ప్రభుత్వాధికారులే వలగా పన్నిన బూటకము! మొదట పట్టుబడిన 130 మంది విద్యార్థులలో 129 మంది భారతీయులు. వారిలో తెలుగు బిడ్డలనేకులు. తెలిసియే చేరిరని ప్రభుత్వము వాదించెను. అట్లు చేరినవారి తప్పును మేము సమర్థింపము. కాని బూటకపు బడి తెరచినదియు, రుసుము గైకొన్నదియు, తుదకు నిర్బంధించినదియు ఒకే శాఖ యగుట గమనింపుడు.

ఆ దేశపు 1952 నాటి వలస చట్టము ప్రకారము, విదేశీయుడు చట్టము నతిక్రమించి యున్నాడనియు, వారంటు తెచ్చులోపల తప్పించుకొనుననియు నమ్ముటకు హేతువున్నచో, అధికారి వారంటు లేకయే పట్టుకొనవచ్చును. వారంటున్నను దానిపై సంతకము సాధారణముగా న్యాయాధిపతిది కాదు, ఆ శాఖాధికారిదే. అట్లు వారంటు లేక పట్టుబడినవానిని మొదట విచారించువాడును ఆ శాఖవాడే. అభియోగము మోపుటయో మానుటయో నిర్ణయించుటకు సాధారణముగా 48 గంటల గడువు.

2011లో మిలియన్ మార్చ్‌కు బయలుదేరిన మమ్ము ఒక ఠాణాలో కూర్చుండబెట్టిరి. ఏ కాగితమును చూపలేదు. 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెనను మన రాజ్యాంగపు 22వ అధికరణమే ఆనాడు మాకు ధైర్యము. నివారక నిర్బంధ చట్టముల క్రింద పట్టుబడినవారికి మన దేశమునను ఆ రక్ష లేదు. కావున మనము గర్వింపరాదు. పట్టువాడొకడు, తీర్పరి వేరొకడు కావలెను. ఎచ్చటనైనను స్వేచ్ఛకు మూలమిదియే.

కావున మీ బిడ్డలకు చెప్పుడు. తలుపు తట్టిన యధికారిని ముందుగా కాగితమడుగవలెను. న్యాయాధిపతి వారంటైనను, ఇంటివారి సమ్మతియైనను లేక ఇల్లు చొరరాదనుట అచ్చట చిరకాలపు నియమము. మౌనము వహించు హక్కు గలదు. స్వవ్యయముతో వకీలును పెట్టుకొనవచ్చును. భారత కాన్సులేటునకు తెలుపుడని కోరవచ్చును. అబద్ధమాడరాదు, పారిపోరాదు, పారిపోవువానిని పట్టుటకు చట్టమే హేతువు నిచ్చుచున్నది.

బిడ్డ చదువునకై అప్పుపత్రముపై సంతకము చేయునపుడు మీ చేయి వణకియుండును. ఆ బిడ్డ ఎదుటికి వచ్చు కాగితముపై సంతకమెవ్వరిదో చూచుట నేర్పకుండ విమానమెక్కింపకుడు.