వంశవృక్షంలో లేని కూతురు

(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సామాన్య స్త్రీల జీవిత చరిత్రలు రాయడం ఎందుకని చాలామంది అడుగుతుంటారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చినప్పుడు ఆ ప్రశ్నకు కొంత జవాబు దొరికింది. మరి ఏ పోరాటంలోనూ లేని స్త్రీ సంగతేమిటి? ఆమె కుటుంబ చరిత్ర కూడా హక్కుల చరిత్రేనని ఈ రోజు చెప్పదలచుకున్నాను.

నల్గొండ జిల్లాలో ఒక చిన్న రైతు కుటుంబం. ఆ ఇంటి పెద్ద కూతురు నాతో మాట్లాడింది. ఆమె పేరూ, ఊరూ చెప్పను. మీ ఇంటి సంగతులు చెప్పమంటే తాతతో మొదలుపెట్టింది. తాత నుంచి మూడెకరాలొచ్చాయి, నాన్న ఇంకో రెండెకరాలు కొన్నాడు, అన్న బోరు వేయించాడు. మరి అమ్మ? "అమ్మేం జేసింది, ఇంట్లనే ఉండె" అంది. మాట సాగాక తెలిసిందేమంటే, ఆ రెండెకరాలు కొనడానికి అమ్మింది అమ్మ నగలే. నాట్లూ, కలుపులూ ఆమె చేతివే. ఆ కుటుంబం చెప్పుకునే కథలో భూమి ఉంది, శ్రమ ఉంది, శ్రమ చేసిన మనిషి మాత్రం లేదు.

ఈమె పెళ్ళి 1981లో అయింది, చెల్లెలిది 1988లో. ఈ ఏడేళ్ళ తేడా చిన్నది కాదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం, తండ్రి వీలునామా రాయకుండా పోతే అతని స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇచ్చింది. ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కును మాత్రం మగపిల్లలకే ఉంచింది. 1986లో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి ఆ హక్కు కూతుళ్ళకూ ఇచ్చింది, కానీ అప్పటికే పెళ్ళయిన వాళ్ళను మినహాయించింది. ఒకే కడుపున పుట్టినా చెల్లెలికి హక్కు వచ్చింది, అక్కకు రాలేదు. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఈ తేడాను తొలగించింది. ఆ రోజుకి తండ్రి బతికి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చి చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో జరిగిపోయిన పంపకాలకు మాత్రం ఇది వర్తించదు.

చట్టం మారింది. ఇంట్లో ఏం జరిగింది? తండ్రి 1999లో పోయాడు, వీలునామా లేదు, పంపకాలూ కాలేదు. అన్న తన ఒక్కడి పేరుతో వంశవృక్షం రాయించి విరాసత్ చేయించుకున్నాడు. తల్లీ, ఇద్దరు కూతుళ్ళూ అందులో లేరు. చాలా ఏళ్ళకు భూమి అమ్మకానికి పెడితే, కొనేవాడి వకీలు అక్కచెల్లెళ్ళ సంతకాలు కావాలన్నాడు. అప్పుడు ఆడబిడ్డలు గుర్తొచ్చారు. పిలిచి చీరలు పెట్టారు, హక్కు విడుదల దస్తావేజు ముందుంచారు. చెల్లెలు సంతకం పెట్టింది. ఈమె ఇంకా పెట్టలేదు. "పెడితే భూమి పోతది, పెట్టకుంటే పుట్టిల్లు పోతది" అంది.

ఈ మాట మనం జాగ్రత్తగా వినాలి. స్త్రీలకు అవగాహన లేదని మన నివేదికల్లో తేలిగ్గా రాసేస్తుంటాం. ఈమెకు అంతా తెలుసు. మొగుడు వదిలేసినా, చచ్చిపోయినా తలదాచుకోవడానికి మిగిలేది పుట్టిల్లేనని కూడా తెలుసు. ఆ భయమే పితృస్వామ్యానికి పెట్టుబడి. ఆస్తిని ప్రేమకు పోటీగా నిలబెట్టి, ఏదో ఒకటి తేల్చుకొమ్మని అడిగేది ఆడపిల్లనే. అన్నను ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

కాబట్టి ఊళ్ళలో పనిచేస్తున్న మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మన సంఘాల్లో ప్రతి స్త్రీ చేతా తన వంశవృక్షం రాయిద్దాం, అందులో అమ్మమ్మలూ, నాయనమ్మలూ, కూతుళ్ళూ అందరూ ఉండేలా. ఏ నగ అమ్మి ఏ చెలక కొన్నారో రాయిద్దాం. చనిపోయిన తేదీలూ, పెళ్ళి తేదీలూ, సర్వే నంబర్లూ పక్కనే చేర్పిద్దాం. విడుదల దస్తావేజు ముందుకొచ్చినప్పుడు దాన్ని చదివి వినిపించే మనిషీ, ఆలోచించుకునే గడువూ ఆమెకు ఉండేలా చూద్దాం. ముస్లిం, క్రైస్తవ, ఆదివాసీ కుటుంబాలకు వర్తించే చట్టాలూ, ఆచారాలూ వేరు. అక్కడా ముందు అడగాల్సింది ఇదే: కుటుంబం అంటే ఎవరెవరు?

పుట్టింటి మీద ప్రేమ ఉన్న స్త్రీ తన వాటా అడగకూడదనడం న్యాయం కాదు. వాటా అడిగినా పుట్టింటి తలుపు మూసుకోని రోజు రావాలి. అప్పటిదాకా, సంతకం పెట్టని ఆడపడుచుకు తోడుగా నిలబడే బాధ్యత మనది.