హెర్బల్ పొట్లంలో ఏముంది?



హక్కుల సదస్సులో తలకు పెట్టుకునే గోరింటాకు ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మగవాడి తల నెరిస్తే అనుభవం అంటారు, ఆడదాని తల నెరిస్తే ముసలిదైపోయింది అంటారు. బట్టల కొట్లో సేల్స్ గర్ల్‌కి, ప్రైవేటు స్కూలు టీచరుకి ఇది బతుకుతెరువు సమస్య కూడా. కాబట్టి రంగు వేసుకునే స్త్రీని అలంకార వ్యామోహమని ఎగతాళి చెయ్యడం నాకు సమ్మతం కాదు. ఆమెకు నిజం తెలుస్తోందా అన్నదే నా ప్రశ్న.

మన అమ్మమ్మలు గోరింటాకు, మందారాకు, గుంటగలగరాకు నూరి తలకు పట్టించేవారు. ఆ జ్ఞానాన్నే ఇవాళ మార్కెట్టు పొట్లం కట్టి మనకు అమ్ముతోంది. కానీ లోపల ఉన్నది ఆ ఆకేనా? గోరింటాకులో రంగునిచ్చే పదార్థం లాసోన్. దానివల్ల తెల్ల వెంట్రుక ఎర్రబడుతుందే గాని నల్లబడదు. నలుపు రావాలంటే ఆ తర్వాత నీలి ఆకు పొడి కూడా పట్టించాలి. దానికి గంటలు పడుతుంది. అరగంటలో జుట్టును నల్లగా చేసే 'బ్లాక్ హెన్నా'లో సాధారణంగా ఉండేది పారాఫినైలిన్ డయామిన్ అనే రసాయనం. అది పడనివారికి నెత్తి మంటపుడుతుంది, ముఖం, కనురెప్పలు వాస్తాయి. ఒకసారి పడకపోతే ఇక ఎప్పటికీ పడకపోవచ్చు. నెలకోసారి వేసుకునే మనకన్నా, రోజూ గ్లవ్స్ లేకుండా కలిపే పార్లరు అమ్మాయికి ప్రమాదం ఎక్కువ.

ఈ రసాయనం ఉన్న రంగుల మీద, లోపలి లేబుల్‌పైనా బయటి లేబుల్‌పైనా, ఇంగ్లీషుతోపాటు స్థానిక భాషల్లోనూ హెచ్చరిక ఉండాలని మన చట్టం చెబుతోంది. 1945 నాటి నిబంధనల్లో ఉన్న ఈ షరతు 2020 కాస్మెటిక్స్ నిబంధనల్లోనూ కొనసాగింది. ముందుగా చర్మం మీద కొంచెం రాసి పరీక్షించుకోవాలనీ, కనుబొమలకు, రెప్పలకు వాడితే చూపు పోవచ్చనీ ఆ హెచ్చరిక. మీ ఇంట్లో పొట్లం తిప్పి చూడండి. తెలుగు అక్షరాలు ఎక్కడున్నాయి? చదవగలిగేంత పెద్దవిగా ఉన్నాయా?

దీనికి పరిష్కారంగా 'మళ్ళీ ఇంట్లో నూరుకోండి' అనేవాళ్ళున్నారు. ఆఫీసు, వంట, పిల్లలు అయ్యాక ఆ నూరేది ఎవరు? మన సంఘాలు చెయ్యాల్సింది వేరే ఉంది. పొట్లాలు సేకరిద్దాం. హెచ్చరిక లేనివాటిపై ఔషధ నియంత్రణ శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేద్దాం. పార్లర్లలో పనిచేసేవారికి గ్లవ్స్ ఇవ్వాలని యజమానులను నిలదీద్దాం. జుట్టు నెరవనివ్వాలా, ఎర్రబరుచుకోవాలా, నల్లబరుచుకోవాలా అన్నది ఎవరికి వారే తేల్చుకోవాలి. ఏం రాసుకుంటున్నామో తెలియకపోతే అది మన నిర్ణయం ఎలా అవుతుంది?