ఉన్న యింటనే మరికొంత చోటు

(సంఘ సభయందు గావింపబడిన ప్రసంగపాఠము)



“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అను సామెత ఎల్లరకును తెలిసినదే. ఆ రెండింటిని సాధించిన గృహస్థునకు సైతము మూడవ పరీక్ష యొకటి మిగిలియుండును. కట్టిన యిల్లు పదియేండ్లకు చాలకపోవుటయే ఆ పరీక్ష. రెండు గదులు, ఒక వంటయిల్లు గల యింట భార్యాభర్తలు, ఇద్దరు బిడ్డలు సుఖముగనే యుందురు. ఇంతలో తెనాలిలోనో, రాజమహేంద్రవరములోనో ఒంటరియైన తల్లి కుమారుని యొద్దకు వచ్చును. కుమార్తె పదవ తరగతికి వచ్చి, చదువుకొనుటకు ఒక మూల కోరును. ముందుగది పగలు చావడి, రాత్రి పడకటిల్లు అగును. మనుమరాలు దీపము వెలిగించినచో నాయనమ్మకు నిద్ర రాదు. నాయనమ్మ దీపము ఆర్పుమన్నచో మనుమరాలి చదువు ఆగును. ఇందు ఎవరి దోషమును లేదు. చోటు లేకపోవుటయే దోషము.

పెద్ద యిల్లు కొనుటయే దీనికి మార్గమని చాలమంది తలంతురు. ఢిల్లీ, ముంబయి, హైదరాబాదు వంటి నగరములలో అది జీతగాండ్రలో పెక్కుమందికి అందని పని. కాని ఉన్న యింటనే మరికొంత చోటు కల్పించుకొను పద్ధతులు కలవు. వానిని తక్కువ ఖర్చునుండి ఎక్కువ ఖర్చునకు వరుసగా పరిశీలించుట మేలు.

ముందుగా ఒక హెచ్చరిక అవసరము. ప్రభుత్వ క్వార్టరులో నివసించువారు గోడ పడగొట్టుటకుగాని, గది కట్టుటకుగాని అధికారము లేనివారు. వారికి మడత మంచములు, చక్రముల అలమారులు, తెరలు మొదలగు కదలించదగిన వస్తువులే ఆధారము. ఈ ప్రసంగములో మిగిలిన భాగము సొంత యిల్లు గలవారికి, స్వగ్రామమున పిత్రార్జితమైన యిల్లు గలవారికి ఉద్దేశింపబడినది.

మొదటి పద్ధతికి ఇటుక అక్కరలేదు. మన పాత పెంకుటిండ్లలో అటక ఉండెడిది. ఏడాదికొకసారి వాడు గంగాళములు, ఊరగాయ జాడీలు, పందిరి సామాను దానిపైకి చేరెడివి. నేల మనుష్యులకు, అటక వస్తువులకు అనునది పెద్దల ఏర్పాటు. నేటి యిండ్లలో ఈ క్రమము తారుమారైనది. విరిగిన కుర్చీలు, పాత పెట్టెలు నేలమీద ఉండగా మనుష్యులు వాని నడుమ ఒదిగి నడచుచున్నారు. నడవమీద, స్నానపుగదిమీద కడప రాతి పలకతోనో, కొయ్యతోనో అటక వేసినచో ఒక చిన్నగది సామాను పైకి పోవును. అటక క్రింద నడచుటకు 2.2 మీటర్లయిన ఎత్తు మిగులవలెను. అటకపై ఎవరును నిద్రింపరాదు. అది వస్తువుల కొఱకే.

రెండవది వసారాను గదిగా మార్చుట. పైకప్పు, నేల, ఒక ప్రక్క గోడ ముందే యున్నవి గనుక దీనికి ఖర్చు స్వల్పము. మూడడుగుల ఎత్తు గోడ, దానిపై కిటికీలు అమర్చిన చాలును. కాని తొందరపడరాదు. లోపలిగదికి గాలియు, వెలుతురును ఆ వసారానుండియే వచ్చుచుండవచ్చును. వసారా మూసినచో ఒక గది దొరకి మరియొక గది చీకటి కొట్టమగును. కావున కిటికీలు పూర్తిగా తెరచుకొనునట్లుండవలెను. లోపలిగదికి మరియొక దిక్కునుండి గాలి వచ్చు మార్గము చూడవలెను. వసారా వాలు వెలుపలికుండుట కూడ గమనింపదగినది. నేలను సరిచేయకున్నచో మంచము ఒకవైపునకు ఒరగును.

మూడవది పెరటిలో ఇంటి నానుకొని గది వేయుట. జాతీయ భవన నియమావళి ప్రకారము నివాసయోగ్యమైన గదికి 2.75 మీటర్ల ఎత్తు ఉండవలెను. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు గల గది సుమారు 11 చదరపు మీటర్లు. ఒక మంచమునకు, ఒక బల్లకు, ఒక అలమారుకు సరిపోవును. ఈ గదిని చవుకగా కట్టు విధానమును కేరళలో స్థిరపడిన వాస్తుశిల్పి లారీ బేకర్ ప్రచారములోనికి తెచ్చెను. ఇటుకలను పడుకోబెట్టక అంచుపై నిలిపి, నడుమ ఖాళీ యుంచి కట్టినచో తొమ్మిది అంగుళముల గోడయే వచ్చును. ఇటుకలు మాత్రము సుమారు నాలుగవవంతు మిగులును. నడుమనున్న గాలి యెండవేడిమిని లోనికి రానీయదు. కప్పు పోయునప్పుడు కాంక్రీటు అంతగా పనిచేయని క్రిందిభాగమున పాత మంగుళూరు పెంకులు పేర్చినచో కాంక్రీటు కొంత ఆదా యగును. ఇనుము ఎక్కడ వేయవలెనో ఇంజనీరు చెప్పవలెను.

పాత గోడకు కొత్త గోడను పండ్లవలె అల్లి కలుపుట సాధారణముగా మేస్త్రీలు చేయు పని. అది పొరపాటు. పాత పునాది ఏనాడో కుదురుకొన్నది. కొత్తది మొదటి రెండు వానకాలములలో కొంత క్రుంగును. అందుచే ఆ కలయికయొద్ద బీట తప్పదు. రెండింటి నడుమ సన్నని సందు విడిచి, సాగుడు గుణము గల పదార్థముతో పూడ్చుట మంచిది. పాత పునాది ప్రక్కన అంతకంటె లోతుగా త్రవ్వరాదు. గుంటూరు, కర్నూలు ప్రాంతముల నల్లరేగడిలో భూమి వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకొనును. అట్టిచోట అడుగున గడ్డవలె ఉబ్బిన కాంక్రీటు స్తంభముల పునాదులు వేయవలెను. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఈ పద్ధతిని వృద్ధిచేసినది.

నాలుగవది డాబాపై గది. పెరడు లేనివారి దృష్టి సహజముగా పైకి పోవును. ఇచ్చట బరువే ముఖ్యము. పై కొలతల గదికి తొమ్మిదంగుళముల ఇటుక గోడలు నాలుగు కట్టినచో, తలుపులు, కిటికీలు మినహాయింపక లెక్కించిన యెడల, గోడల బరువే సుమారు 16 టన్నులగును. నాలుగంగుళముల తేలిక సిమెంటు దిమ్మెలతో కట్టినచో పూత గాక రెండున్నర టన్నులకు మించదు. ఏ గోడలైనను క్రింది గోడలమీద, దూలములమీద నిలువవలెనే గాని, పలక నడుమ నిలువరాదు. ఇనుప చట్రముపై రేకులు వేయువారు ఆస్‌బెస్టాస్ రేకులు మానుట మేలు. వాని ధూళి ఊపిరితిత్తులకు హానిచేయునని వైద్యులు నిర్ణయించిరి. రేకుల క్రింద లోకప్పు, పైన తెల్లసున్నము లేనిదే జ్యేష్ఠమాసపు ఎండలో ఆ గదిలో నుండుట అసాధ్యము.

ఇక విస్మరింపరాని విషయమొకటి కలదు. 2010 నవంబరు 15వ తేదీ రాత్రి ఢిల్లీలోని లక్ష్మీనగర్ ప్రాంతమున అంతస్తుపై అంతస్తు పెరిగిన భవనమొకటి కూలి 60 మందికి పైగా మరణించిరి. వారిలో పెక్కుమంది అద్దెకున్న శ్రామికులు. చోటు కొఱకు చేసిన పనియే ప్రాణములు తీసినది. ఢిల్లీ భూకంపభయము అధికముగా గల ప్రాంతము కూడ. కావున స్తంభమును చెక్కరాదు, దూలమును కోయరాదు, పురపాలక సంఘపు అనుమతి లేనిదే అంతస్తు లేపరాదు. ఇంజనీరునకు చెల్లించు రుసుము గది ఖర్చులో స్వల్పభాగము. దానిని మిగుల్చుకొనుట పొదుపు కాదు.

ధనము మాటయు చెప్పవలసియున్నది. 2017లో సవరింపబడిన నిబంధనల ప్రకారము కేంద్ర ప్రభుత్వోద్యోగి ఉన్న యింటిని విస్తరించుకొనుటకు 34 నెలల మూలవేతనముగాని, 10 లక్షల రూపాయలుగాని, ఏది తక్కువయో దానికి మించకుండ గృహనిర్మాణ అడ్వాన్సు పొందవచ్చును. మూలవేతనము 25,500 రూపాయలైనచో ఈ పరిమితి 8,67,000 రూపాయలగును. మొదట అసలును 180 వాయిదాలలోను, పిదప వడ్డీని 60 వాయిదాలలోను తీర్చవచ్చును. ఆ లెక్కన అసలుకు నెలకు సుమారు 4,817 రూపాయలు పడును. వడ్డీ రేటును ప్రభుత్వము ఎప్పటికప్పుడు ప్రకటించుచుండును. పదవీవిరమణకు మిగిలిన సంవత్సరములను చూచుకొని, తీర్చగలిగినంతయే తీసుకొనవలెను. దుప్పటి యున్నంతవరకే కాళ్లు చాపుకొనుట మంచిది.

తుదకు, కొత్తగది ఎవరికన్నది ముందే నిశ్చయించుకొనవలెను. డాబాపై గది వేసి ముసలితల్లిని మెట్లెక్కించుట న్యాయము కాదు. పడుచువారు పైకి పోవలెను. పెద్దలకు క్రిందిగది, స్నానపుగదికి దగ్గరగా, రాత్రి లేచినపుడు పట్టుకొనుటకు గోడకొక కమ్మితో, కేటాయింపవలెను. తల్లి ఊరిలోని యిల్లు వదలి వచ్చినది. తన పెట్టె పెట్టుకొనుటకు, తన దేవుని పటము తగిలించుకొనుటకు ఆమెకొక గోడ కావలెను. ఆ గోడ ఇచ్చిననాడు ఆమె కుమారుని యింటికి వచ్చిన చుట్టము గాక, ఆ యింటి మనిషి యగును.